మేకు గుచ్చుకోకముందే

వేదికపై ఉన్న పెద్దలకు, పాడి రైతులకు, గొర్రెల కాపరులకు, ముఖ్యంగా చివరి వరుసలో నిలబడిన గుర్రాల యజమానులకు నమస్కారం. ప్రపంచ పశువైద్య దినోత్సవం కదా, మన వృత్తి ఘనతను గురించి మాట్లాడమన్నారు. ఆ పని నా తర్వాతి వక్తలు చక్కగా చేస్తారు. నేను ధనుర్వాతం గురించి మాట్లాడతాను.

ఇదే తిరుపతిలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఒక తెల్ల గుర్రాన్ని చూడమని నన్ను పిలిచారు. పచ్చిగడ్డి ముందే ఉన్నా దవడలు పట్టుకుపోయి తినలేకపోతోంది. కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, తోక ఎత్తి కొయ్యగుర్రంలా నిలబడి ఉంది. గడ్డం కింద మెల్లగా తట్టగానే కంటి మూల నుంచి మూడో రెప్ప జారి సగం కన్ను కప్పేసింది. "లాడం కొట్టించినప్పుడు కొంచెం కుంటింది సార్, తర్వాత సర్దుకుంది" అన్నాడు యజమాని. గిట్టలో మేకు దిగిన చోటు పైకి పూడిపోయింది. ఈ క్రిమికి కావలసిందీ అదే: గాలి ఆడని గాయం. మట్టిలోనూ పేడలోనూ ఏళ్ల తరబడి బతికే దాని బీజాలు అక్కడ మొలకెత్తి, విషం విడుస్తాయి. లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడతాయి; అప్పటికి గాయం సంగతి ఎవరికీ గుర్తుండదు.

గిట్ట కోసి శుభ్రం చేశాం, పెన్సిలిన్ ఇచ్చాం, బిగువు తగ్గే మందులు ఇచ్చాం. విషానికి విరుగుడైన యాంటీ టాక్సిన్ మాత్రం దొరకలేదు. అడిగిన చోటల్లా "ఇండెంటు పంపాం", అంటే సరఫరాకు రాసి పంపాం, అన్న జవాబే వచ్చింది. దొరికినా, నరాలకు అప్పటికే పట్టిన విషాన్ని అది విడిపించలేదు. రక్తంలో తిరుగుతున్న దానినే ఆపుతుంది. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట కట్టేయమంటే, పక్క షెడ్డులో బ్యాండు మేళం వాళ్లు సాధన చేస్తున్నారు. డోలు మోగిన ప్రతిసారీ దాని ఒళ్లంతా బిర్రబిగుసుకుపోయేది. ఆ వారం దాటలేదు.

1890లో బేరింగ్, కితసాతో అనే శాస్త్రవేత్తలు, ఈ విషాన్ని తట్టుకునేలా చేసిన జంతువుల రక్తరసంలో దానికి విరుగుడు ఉంటుందని చూపించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మనుషుల ప్రాణాలు కాపాడిన సీరం గుర్రాల రక్తం నుంచే తీశారు. అయ్యా, పెంపుడు జంతువులన్నిటిలో ఈ జబ్బుకు ఎక్కువగా లొంగేదీ గుర్రమే! మనకు అంత ఇచ్చిన జీవికి చౌకైన టాక్సాయిడ్ టీకా, అంటే హాని చేయకుండా మార్చిన అదే విషంతో చేసిన టీకా, వేయించడానికి ఎందుకు వెనకాడుతున్నాం?

నాలుగు వారాల ఎడంతో మొదటి రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. చూలు గుర్రానికి ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేస్తే జున్నుపాలతో పిల్లకూ రక్షణ అందుతుంది. జబ్బు నుంచి కోలుకున్న గుర్రానికి కూడా టీకా తప్పదు, ఎందుకంటే ఆ జబ్బు శాశ్వత రక్షణ ఇవ్వదు.

ఆవులకు ఇది అరుదు. అయినా ఈనిన తర్వాత మాయ పడక కుళ్లినప్పుడు రావచ్చు, కడుపు ఉబ్బరంతో మొదలుకావచ్చు. గొర్రెలకు, మేకలకు విత్తులు కొట్టేటప్పుడు రబ్బరు రింగు వేసే వారు జాగ్రత్తగా వినండి: రింగు కింద చచ్చే కండలోకి గాలి పోదు. గొర్రెపిల్ల బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టండి. చంద్రగిరి వైపు సంక్రాంతి పశువుల పండుగలో కొమ్ములకు, ఒంటికి తగిలిన గాయాలకు పేడ పూయకండి. చేజేతులా క్రిమిని అంటించడమే అది.

యజమానులారా, సభ ముగియగానే వెళ్లిపోకండి. మీ గుర్రానికి చివరి టీకా ఎప్పుడు వేయించారో నాకు చెప్పండి, రాసుకుంటాను. గుర్తులేకపోతే వేయించలేదనే రాస్తాను.