వరుస సంఖ్య లేని వెయిట్‌లిస్టు

సభకు నమస్కారం.

ఏప్రిల్ మొదటి వారంలో నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "మా అమ్మాయి పేరు వెయిట్‌లిస్టులో పెట్టారండీ, సీటు వస్తుందంటారా?" సీటు రాలేదని తేలిన ఇంట్లో నాలుగు రోజులు బాధపడి తేరుకుంటారు. ఈ ప్రశ్న అడిగే ఇంట్లో మాత్రం ఖాళీ ఏర్పడితే చూస్తామంటూ అమెరికా కళాశాల పంపిన ఆ ఒక్క ఉత్తరం మే, జూన్ నెలలు రెండింటినీ మింగేస్తుంది. ఆ ఇళ్లవారికి పనికివస్తుందన్న కోరికతోనే ఈ రోజు మాట్లాడుతున్నాను.

ఆ ప్రశ్న వెనుక మనకు బాగా అలవాటైన ఒక ఊహ ఉంది. రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులో 43 అని ఉంటే, రోజులు గడిచేకొద్దీ అది 30కి, 12కి దిగుతుందని మనకు తెలుసు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు చేతిలో ఉంటే, కిందటి ఏడాది ఏ కళాశాలలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసుకుని ఒక అంచనాకు రాగలం. అమెరికాలో చాలా కళాశాలల వెయిట్‌లిస్టుకు అటువంటి వరుస సంఖ్యే ఉండదు. మే నెలలో ఖాళీలు ఏర్పడితే, అవి ఎక్కడ ఏర్పడ్డాయో చూసి, వాటికి సరిపోయేవారిని ఆ జాబితాలో నుంచి ఏరుకుంటారు. ఇంజినీరింగ్‌లో చేరేవారు తగ్గితే ఇంజినీరింగ్ కోరుకున్నవారిని, బయటి రాష్ట్రాల విద్యార్థులు తగ్గితే ఆ రాష్ట్రాలవారిని పిలుస్తారు. అందుచేత "మా అమ్మాయి ఎన్నో స్థానంలో ఉంది?" అని అడిగితే అడ్మిషన్ల కార్యాలయంవారి దగ్గర కూడా జవాబు ఉండదు. వాళ్లు దాస్తున్నారని మనవాళ్లు అనుమానపడతారు కానీ, చాలాచోట్ల దాచడానికి అక్కడ అంకె అంటూ ఏమీ లేదు.

మరి ఆ జాబితా ఎందుకు పెడతారు? తాము సీటు ఇచ్చినవారిలో ఎందరు వచ్చి చేరతారో కళాశాలకు ముందుగా తెలియదు కాబట్టి పెడతారు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కళాశాల ప్రవేశాల మీద రాసిన ప్రసిద్ధమైన పరిశోధన వ్యాసం ఈ ఇబ్బందితోనే మొదలవుతుంది. ఒక కళాశాల సీటు ఇచ్చి, అంతకంటే ఇష్టమైన మరో కళాశాల వెయిట్‌లిస్టులో పెట్టినప్పుడు విద్యార్థి మొదటిదానికి ఒప్పుకోవాలా, రెండోదాని కోసం ఆగాలా అని ఆ వ్యాసం మొదట్లోనే అడుగుతారు. షాప్లీకి 2012లో ఆల్విన్ రోత్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. అమెరికాలో వైద్య పట్టభద్రుల రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) కేటాయింపు, ఇరువైపుల ఇష్టాల వరుసలనూ కలిపి చూసే, ఈ వ్యాసంలో చెప్పిన తరహా పద్ధతిలోనే ఉమ్మడిగా జరుగుతుంది. డిగ్రీ ప్రవేశాలకు మాత్రం దేశమంతటికీ అటువంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. కాబట్టి 1962 నాటి ఆ ప్రశ్న ఇవాళ మీ వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. ఇది నేను ఊహించి చెప్పే ఉదాహరణ, ఏ కళాశాలకూ చెందింది కాదు. ఒక కళాశాలకు 1,500 మంది కావాలి. సీటు ఇచ్చినవారిలో చేరేవారి శాతాన్ని యీల్డ్ అంటారు. అది 40 ఉంటుందన్న నమ్మకంతో 3,750 మందికి సీట్లు ఇచ్చారు. యీల్డ్ 38కి తగ్గితే 1,425 మందే చేరతారు, 75 ఖాళీలు మిగులుతాయి. 42కి పెరిగితే 75 మంది ఎక్కువవుతారు, వెయిట్‌లిస్టు నుంచి ఒక్కరినీ పిలవరు. విద్యార్థులందరూ ఎవరి నిర్ణయం వారు విడివిడిగా తీసుకుంటారని అనుకున్నా, సంభావ్యతా గణితం ప్రకారం చేరేవారి సంఖ్య 1,500కు అటూ ఇటూ 30 మేరకు ఊగడం మామూలు విషయం. ఆ పైన ఆర్థిక పరిస్థితి, పోటీ కళాశాలల నిర్ణయాలు అందరినీ ఒకే వైపుకు నెట్టినప్పుడు ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. మీ అమ్మాయి భవితవ్యం ఆమె మార్కుల కంటే ఎక్కువగా ఈ ఊగిసలాట మీద ఆధారపడి ఉంది. ఈ ఒక్క సంగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, "నాలో ఏం తక్కువైంది?" అని వాళ్లు తమను తాము నిలదీసుకోవడం కొంతైనా తగ్గుతుంది.

అంచనాకు పనికొచ్చే అంకెలు బయటే దొరుకుతాయి. చాలా కళాశాలలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం ప్రకటిస్తాయి. అందులో సీ2 అనే భాగంలో మూడు సంఖ్యలు ఉంటాయి: ఎందరికి వెయిట్‌లిస్టులో చోటు ఇచ్చారు, వారిలో ఎందరు ఉంటామన్నారు, చివరికి ఎందరికి సీటు ఇచ్చారు. మూడో సంఖ్యను రెండోదానితో భాగించాలి. మొదటిదానితో భాగిస్తే, వేరే కళాశాల చూసుకుని వెళ్లిపోయినవారు కూడా లెక్కలోకి వచ్చి అంచనా తప్పుతుంది. ఒక్క ఏడాది అంకెతో ఆగకండి, కనీసం అయిదేళ్లవి తీయండి.

ఆ అయిదేళ్లను కలిపి సగటు తీయడం దగ్గర చాలామంది పొరబడతారు. పై ఉదాహరణలోని కళాశాల వెయిట్‌లిస్టులో ఏటా 1,200 మంది ఉంటామన్నారనుకుందాం. వరుసగా అయిదేళ్లలో 75, 0, 50, 0, 55 మందికి సీట్లు ఇచ్చారు. సగటు 3 శాతం. కానీ 3 శాతం అన్న ఏడాది ఒక్కటి కూడా లేదు. జాబితా కదిలిన మూడేళ్లలో అది సుమారు 5 శాతం, కదలని రెండేళ్లలో సున్నా. కాబట్టి ప్రశ్నను రెండుగా విడగొట్టండి. ఈ ఏడాది జాబితా కదులుతుందా? కదిలితే ఏరుకునే కొద్దిమందిలో మా అమ్మాయి ఉంటుందా? మొదటిదానికి మే నెలలో వార్తలు వస్తాయి, వాటిని బట్టి అంచనా మార్చుకోవాలి. పిలుపులు మొదలయ్యాయని తెలిస్తే 3 కాస్తా 5 అవుతుంది. మే నెలంతా నిశ్శబ్దంగా గడిచిపోతే అది 3 కంటే బాగా కిందికి దిగుతుంది. ఆ దిగడాన్ని ఒప్పుకోవడమే మనకు కష్టం.

విద్యార్థులు ఏదో ఒక కళాశాలకు మాట ఇచ్చి డిపాజిట్ కట్టవలసిన గడువు సాధారణంగా మే 1. ఆ తరువాతి రెండు మూడు వారాల్లోనే కదలిక ఎక్కువ. ఒక పెద్ద కళాశాల 50 మందిని పిలిస్తే, ఆ 50 మంది డిపాజిట్ కట్టిన చోట్ల ఖాళీలు ఏర్పడతాయి, అక్కడివారు తమ జాబితాలను తెరుస్తారు. ఇలా ఖాళీ మెట్టు మెట్టుగా కిందికి జారుతుంది. ఆర్థిక సహాయ దరఖాస్తు అయిన ఫాఫ్సా కొత్త రూపం ఆలస్యమైన 2024లో చాలా కళాశాలలు మే 1 గడువును మే 15కో జూన్ 1కో జరిపాయి, దానితో ఎదురుచూపులు కూడా వెనక్కి జరిగాయి.

డబ్బు సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. మొదటి విడతలో కుటుంబ ఆర్థిక స్థితిని చూడని కళాశాలల్లో కొన్ని, వెయిట్‌లిస్టు దగ్గరకు వచ్చేసరికి దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. స్కాలర్‌షిప్ నిధులు అప్పటికే అయిపోయి ఉండవచ్చు. పిలుపు వచ్చాక ఆలోచించుకోవడానికి కొద్ది రోజులే ఇవ్వవచ్చు కాబట్టి, సహాయం లేకుండా కట్టగలమా లేదా అన్నది ఇంట్లో ఏప్రిల్‌లోనే తేల్చుకోవాలి.

జాబితాలో ఉంటామన్న ఫారం పంపడం మరచిపోతే అవకాశం అక్కడితో సరి. ఆ పైన విద్యార్థి స్వయంగా ఒక పేజీకి మించని ఉత్తరం రాయవచ్చు. దరఖాస్తు తరువాత వచ్చిన మార్కులు, కొత్తగా చేసిన పని అందులో ఉండాలి. పిలిస్తే తప్పక చేరతానన్న మాట నిజమైతేనే రాయాలి. తల్లిదండ్రులు ఫోన్లు చేయడం వల్ల మేలు జరిగిన సందర్భం నేను చూడలేదు.

మా పెద్దమ్మాయి విషయం చెబుతాను. ఒక కళాశాల వెయిట్‌లిస్టులో తన పేరు ఉండగా, మే 1కి మరో కళాశాలలో డిపాజిట్ కట్టాం. కట్టాం కానీ మనసులు అక్కడికి వెళ్లలేదు. హాస్టల్ గది కోసం పెట్టుకోవలసిన దరఖాస్తును "ఎందుకూ, ఇంకో వారం చూద్దాం" అంటూ నేనే ఆపించాను. తోటి విద్యార్థుల బృందంలో కూడా తను చేరలేదు. ఎదురుచూసిన కళాశాల నుంచి లేదన్న ఉత్తరం జులై మూడో వారానికి గానీ రాలేదు. అప్పటికి మంచి గదులు అయిపోయాయి, తను కోరుకున్న రెండు కోర్సులు నిండిపోయాయి. సీటు రాకపోవడం మా చేతిలో లేనిది. ఆ పదకొండు వారాలు మాత్రం మా చేతిలో ఉన్నవే, వాటిని తన నుంచి నేను లాక్కున్నానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే అడిగిన ప్రతి ఇంటికీ చెబుతున్నాను: డిపాజిట్ కట్టిన కళాశాల టీషర్టు కొనండి, గదికి దరఖాస్తు పెట్టండి, పిల్లలు చేరబోయే కోర్సుల గురించి అన్నాల దగ్గర మాట్లాడుకోండి. వెయిట్‌లిస్టు నుంచి పిలుపు వస్తే ఆ డిపాజిట్ డబ్బు తిరిగి రాకపోవచ్చు, కానీ అది భరించగలిగిన నష్టం.

మీలో కొందరు సీ2 అంకెలు కాగితాల మీద రాసుకుని వచ్చారని నిర్వాహకులు చెప్పారు. వాటిని ముందుకు తీసుకురండి, ఒక్కొక్కటిగా కలిసి చూద్దాం.