బాబ్లీ గేట్లు దించాక గోదావరి నీళ్ళు: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. మహారాష్ట్రలో గోదావరి మీద కట్టిన బాబ్లీ బ్యారేజీ దగ్గర, ధర్మాబాద్ వైపు నుంచి ఒక రైతు లైన్‌లో ఉన్నారు. చెప్పండి అన్నా.

రైతు: నమస్తే మేడం. మాది గోదావరి ఒడ్డు పల్లె. బాబ్లీ గేట్లు దించాక నీళ్ళు పచ్చబడ్డాయి. గేదెలు మూతి పెట్టి వెనక్కి వస్తున్నాయి. మిరపకూ అవే నీళ్ళు కడుతున్నాను. ఫరవాలేదా?

నిపుణురాలు: ముందు గేదెల సంగతి తేల్చుకుందాం. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తే ఉంచాలి. అప్పుడు పారే నది మురుగును తోసుకుపోతుంది. గేట్లు దించితే 2.74 టీఎంసీల దాకా నీళ్ళు నిలుస్తాయి. ఎగువన నాందేడ్ అంతటి నగరం ఉంది. ఇళ్ళ మురుగు, పొలాల్లోని ఎరువు కలిసిన నీళ్ళు కదలకుండా ఎండలో ఉంటే నాచుకు అంతకన్నా ఏం కావాలి? ఇంతకీ ఆ పచ్చదనం దారాలుగా ఉందా, రంగు ఒలికినట్టు ఉందా?

రైతు: రంగు ఒలికినట్టే ఉందమ్మా. ఒడ్డున నీలంగా ఎండిపోయింది.

నిపుణురాలు: ఒక కర్ర ముంచి తీయండి. పోగులు వేలాడితే మామూలు నాచు. పెయింటులా అంటుకుంటే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. అందులో కొన్ని రకాల విషం కాలేయాన్ని, నరాలను దెబ్బతీస్తుంది. కాచినా పోదు. పశువు గంటల్లోనే పడిపోవచ్చు. దయచేసి ఈ పూట నుంచే బోరు నీళ్ళు పెట్టండి. తాగిన పశువు తూలితే వెంటనే డాక్టరును పిలవండి.

రైతు: మరి మిరపకు?

నిపుణురాలు: తెట్టు లేని చోట మోటారు పెట్టి, సాళ్ళ వెంట మొదళ్ళకే పారించండి. స్ప్రింక్లర్ వద్దు. కొత్తిమీర లాంటి పచ్చిగా తినే వాటికి ఈ నీళ్ళు అసలే వద్దు.

రైతు: మార్చి 1న కిందికి నీళ్ళు వదులుతారు కదా, అప్పుడు పోతుందా?

నిపుణురాలు: వదిలేది 0.6 టీఎంసీలే. దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ రేవులో పశువులను దించే వాళ్ళందరికీ ఇవాళే చెప్పండి అన్నా.

వ్యాఖ్యాత: నాందేడ్ నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: కార్తీక స్నానం చేయవచ్చా అమ్మా?

నిపుణురాలు: స్నానానికి పనికిరావాలంటే లీటరు నీళ్ళలో కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. బీఓడీ, అంటే నీళ్ళలోని మురుగును కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు, 3 మిల్లీగ్రాములకు మించకూడదు. కంటితో చూసి చెప్పలేం. అందుకే మురుగు కాలువ కలిసే చోటికి బాగా ఎగువకు వెళ్ళండి. పుక్కిలించకండి, ఒంటి మీద పుండు ఉంటే దిగకండి. నీళ్ళు పచ్చగా కనిపిస్తే ఇంట్లోనే గోదావరిని తలుచుకుని స్నానం చేయండి. దీపాలు మాత్రం ఆకు దొప్పల్లోనే వదలండి.

శ్రోత: మా వీధి వాళ్ళు థర్మకోల్ ప్లేట్లలో వదులుతారు. ఈసారి మోదుగ దొప్పలు నేనే కుట్టి ఇస్తాను.