ఈ గిటార్ ఎప్పటిది, ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

పాత అకౌస్టిక్ గిటార్ చేతికిచ్చి "ఇది ఎప్పటిదండీ?" అని అడిగేవాళ్లు ఒక్క సంవత్సరం వినాలనుకుంటారు. 1964 అనో, 1971 అనో. నేను మాత్రం ఆ ప్రశ్నను రెండుగా చేసుకుంటాను. ఏ సంవత్సరానికి ముందు ఇది తయారై ఉండటానికి వీల్లేదు? ఏ సంవత్సరం తర్వాత తయారై ఉండటానికి వీల్లేదు? ఈ రెండు హద్దుల మధ్య దూరం తగ్గించుకుంటూ పోవడమే మన పని. ఒక్కోసారి అది ఒక రోజుకు తగ్గుతుంది. ఒక్కోసారి ఇరవై ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు మనకు నచ్చిన సంవత్సరం పెట్టేసుకోకూడదు. అంత ఇష్టమైన గిటార్ విషయంలో ఇది కష్టమే. ప్రేమ ఎక్కువైన కొద్దీ గిటార్ వయసు పెరుగుతూ ఉంటుంది!

అందరూ ముందు వెతికేది సీరియల్ నంబర్. నంబర్ మంచిదే, కానీ ఏ కంపెనీదో తేలకముందు అది వట్టి అంకెల వరస. అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ సంగతి తీసుకోండి. 1833లో మొదలైన కంపెనీ, నంబర్లు వేయడం మొదలుపెట్టింది 1898లో. అది కూడా 8000 నుంచి. అప్పటిదాకా సుమారుగా అన్ని గిటార్లు చేసి ఉంటామని వాళ్ల లెక్క. అప్పటి నుంచి వరస తప్పలేదు. 2004లో పది లక్షల నంబర్ దాటింది. అందుకే సౌండ్‌హోల్‌లోంచి, అంటే గిటార్ ముందున్న గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపల నెక్ మొదట్లో ఉన్న చెక్క దిమ్మ మీద కనిపించే ఆ అంకెను, కంపెనీ ప్రకటించిన పట్టికతో పోల్చి సంవత్సరం చెప్పొచ్చు.

మరో అమెరికన్ గిటార్ కంపెనీ గిబ్సన్ దగ్గర అంత సుఖం లేదు. 1960లలో ఒకే నంబర్‌ను వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వాడారు. కాబట్టి నంబర్ ఒక్కటే చూసి చెప్పేవాళ్లను నమ్మొద్దు. 1977 నుంచి మాత్రం చాలా ఏళ్లపాటు ఎనిమిది అంకెల పద్ధతి నడిచింది. మొదటి అంకె, అయిదో అంకె కలిపితే సంవత్సరం. మధ్యలో ఉన్న మూడంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 82765501 అనుకోండి. సంవత్సరం 85, రోజు 276. అంటే 1985 అక్టోబర్ 3. ఒక రోజు దాకా వచ్చేశాం! అయినా అది నంబర్ కొట్టిన రోజే. గిటార్ పూర్తయి బయటికి వచ్చిన రోజు అదే అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు లేబుల్. నాకు అన్నిటికన్నా ఆసక్తి ఇక్కడే. చాలామంది లేబుల్ మీద పేరు చదివి వదిలేస్తారు. నేను చిరునామా చదువుతాను. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే అది 1949కి ముందుది కాదు. 1990లో ఆ దేశం పేరు పోయింది కాబట్టి, పాత లేబుళ్లు మిగిలిపోయి వాడి ఉంటే తప్ప ఆ తర్వాతిదీ కాదు. జర్మన్ చిరునామాలో పిన్ కోడ్ అయిదంకెలుంటే 1993కి ముందు రాసింది కాదు, ఎందుకంటే అంతకుముందు అక్కడ నాలుగంకెలే. అమెరికా చిరునామాలో జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) ఉంటే 1963 లేదా ఆ తర్వాతిది. "చెకోస్లొవేకియా" అన్న దేశం 1918లో పుట్టి 1992 చివర్లో విడిపోయింది. యమహా గిటార్ లేబుల్ మీద నిప్పన్ గక్కి అని ఉంటే, 1987లో కంపెనీ యమహా కార్పొరేషన్‌గా పేరు మార్చుకోక ముందుది. లేబుల్ అచ్చువేసినవాళ్లకు గిటార్ వయసు మనకు చెప్పాలన్న ఉద్దేశమే లేదు. అందుకే ఆ సాక్ష్యం మీద నాకు నమ్మకం.

అయితే ఊరి పేరు విషయంలో లేబుల్‌ను గుడ్డిగా నమ్మకండి. మార్టిన్ కుటుంబం 1839 నాటికే పెన్సిల్వేనియాలోని నాజరెత్‌కు వెళ్లిపోయింది. గిటార్ల మీద మాత్రం 1898 దాకా న్యూయార్క్ ముద్రే పడింది, ఎందుకంటే అమ్మకం అక్కడ జరిగేది. బ్రాండ్ పేరు కూడా అంతే. సిల్వర్‌టోన్ అనే ఫ్యాక్టరీ ఎక్కడా లేదు. అది అమెరికాలోని సియర్స్ దుకాణాలు వాడుకున్న పేరు. ఆ పేరుతో వచ్చిన గిటార్లు ఎన్నో షికాగోలోని హార్మొనీ కంపెనీలో తయారయ్యాయి. యమహా అనగానే జపాన్ అనుకుంటాం, కానీ 1970లలో తైవాన్‌లో చేసినవీ ఉన్నాయి. ఎవరి పేరుంది, ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు.

లేబుల్ ఊడిపోయి, నంబర్ కూడా లేకపోతే? చెక్క ఉంది, పనితనం ఉంది. నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్‌ను గిబ్సన్ 1920ల మొదట్లోనే పెట్టింది. మార్టిన్ సర్దుబాటు చేసుకునే రాడ్ పెట్టింది 1985లో. కాబట్టి 1950ల నాటి మార్టిన్ అంటూ తెచ్చిన గిటార్‌లో రాడ్ తిప్పే చోటు కనిపిస్తే, నెక్ మార్చి ఉండాలి, లేదా మాటైనా తప్పయి ఉండాలి. మార్టిన్ డి-28 మోడల్ వెనక చెక్క 1969 దాకా బ్రెజిల్ రోజ్‌వుడ్, ఆ ఏడాది చివర్లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. ఈ తేడా తెలియడం సరదా కోసమే కాదు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) కింద అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. ఆ గిటార్ దేశం దాటాలంటే కాగితాలు కావాలి, ఆ కాగితాలకు వయసు రుజువు కావాలి.

తీగలు బిగించే ట్యూనర్లు, పై పలక మీద తీగలు పట్టుకునే బ్రిడ్జ్, నెక్ మీది లోహపు ఫ్రెట్లు, పాలిష్ అన్నీ ఆధారాలే. కానీ ఇవి మార్చడం తేలిక. ట్యూనర్ 1975ది అయినంత మాత్రాన గిటార్ 1975ది కాదు. ట్యూనర్ తీసి చూడండి. దాని కింద వాడని పాత స్క్రూ రంధ్రాలుంటే అది తర్వాత పెట్టినదే.

చెట్టు వలయాల సంగతి కూడా అడుగుతుంటారు. స్ప్రూస్ అనే చెట్టు చెక్కతో చేసిన పై పలకలో కనిపించే సన్నని గీతలు ఏడాదికొకటి. వాటి మందాల వరసను, అదే ప్రాంతపు చెట్ల నుంచి ముందే తయారుచేసిన పట్టికతో సరిపోలుస్తారు. దొరికితే, పలకలోని ఆఖరి వలయం ఏ ఏడాదిదో తెలుస్తుంది. ఇటలీ వయొలిన్ల తయారీదారు స్ట్రాడివారి చేసిన, 1716 అని లేబుల్ ఉన్న "మెసయ్య" వయొలిన్ నకిలీదేమో అని పెద్ద వాదం నడిచింది. పలకలోని చివరి వలయాలు 1680లవని తేలాక ఆ అనుమానం చాలావరకు చల్లబడింది. కానీ గమనించండి, వలయాలు ముందు హద్దు మాత్రమే చెబుతాయి. చెట్టు కొట్టాక బయటి చెక్క చెక్కేస్తారు, మిగిలింది ఏళ్ల తరబడి ఆరబెడతారు. ఆ చెక్కతో ఎప్పుడు చేశారన్నది వలయాలకు తెలియదు. మామూలు ఫ్యాక్టరీ గిటార్‌కు ఇంత ఖర్చు నేను పెట్టించను.

రెండో హద్దు మీ ఇంట్లోనే దొరుకుతుంది. కొన్న రసీదు, ఉత్తరం, గిటార్ పట్టుకుని దిగిన ఫొటో. ఫొటో స్పష్టంగా ఉంటే పై పలక మీది చెక్క గీతలను మీ గిటార్‌తో పోల్చండి. ఏ రెండు పలకల గీతలూ ఒకేలా ఉండవు, అదే గిటార్ అయితే తెలిసిపోతుంది. ఇంట్లో చెప్పుకునే మాట కూడా పనికొస్తుంది. అయితే అది కొన్న సంవత్సరం, చేసిన సంవత్సరం కాదు. పాతదే కొని ఉండొచ్చు కదా.

కాబట్టి ఇంటికెళ్లాక తుడవడం, పాలిష్ కొట్టడం ముందే మొదలుపెట్టకండి. ఒక చిన్న అద్దం, టార్చ్ తీసుకుని లోపల అంతా ఫొటోలు తీయండి. పెన్సిల్ రాతలు, రబ్బర్ స్టాంపులు తరచు పై పలక లోపలి వైపు ఉంటాయి. అద్దం లేకుండా కనిపించవు. చూసింది చూసినట్టు రాయండి. "జపాన్, 1987కి ముందు, ట్యూనర్లు తర్వాత మార్చినవి" అన్నా చాలు. ఇక ముందు ఏ భాగం మార్పించినా పాతది పారేయకండి. మార్చిన తేదీ రాసిన చీటీతో సహా గిటార్ కేసులో పెట్టించండి.