పదేళ్లు నిండాయా? నీ సంతకంతోనే బ్యాంకు ఖాతా

[తెర మీద: బ్యాంకు కౌంటర్, ఖాతా తెరిచే ఫారం]

పేదింట్లో బాగా చదివే పిల్లలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పుకి ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అది పడేది విద్యార్థి ఖాతాలోనే. ఆ ఖాతా కోసం కావలిలోనో ఒంగోలులోనో బ్రాంచికి వెళ్తే, "మీ నాయన్ని పిలుచుకురా అబ్బయ్యా" అని తిప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

[తెర మీద: 2025 ఏప్రిల్ 21]

ఆ రోజు రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పదేళ్లు నిండిన మైనరు తన పేరు మీదే సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ తెరుచుకుని తనే నడుపుకోవచ్చు. అయితే ఏ వయసు నుంచి ఇవ్వాలి, ఎంత డబ్బు దాకా అనుమతించాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అనేది బ్యాంకు ఇష్టం. అందుకే ఒక బ్యాంకు కాదంటే పక్క బ్యాంకులో అడగండి.

అడిగే మాట ముఖ్యం. ఉత్తగా "మైనర్ ఖాతా" అంటే గార్డియన్ ఫారం చేతిలో పెడతారు. "నేనే నడుపుకునే మైనర్ ఖాతా సార్" అనండి. స్టేట్ బ్యాంకులో దాని పేరు పెహలీ ఉడాన్. పెహలా కదమ్ వేరే, అందులో అమ్మానాన్నలు కూడా ఉంటారు. పేర్లు దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త.

[తెర మీద: ఫారంలో 'మోడ్ ఆఫ్ ఆపరేషన్' గడి, పెన్ను 'సెల్ఫ్' మీద టిక్కు పెడుతూ]

ఖాతా ఎవరి చేతిలో ఉంటుందో తేల్చేది ఈ గడే. ఇక్కడ 'గార్డియన్' అని పడితే డబ్బు తీయడానికి వాళ్ల సంతకమే చెల్లుతుంది. ఫారం ఇచ్చేసే ముందు ఒకసారి చూసుకోండి.

పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటినవాళ్లు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరవచ్చు. 500 రూపాయలు కట్టాలి, వడ్డీ 4 శాతం. పల్లెల్లో ఉన్నవాళ్లకి ఇదే సులువని మా అభిప్రాయం.

తీసుకెళ్లాల్సినవి: ఆధార్, పుట్టిన తేదీ రుజువు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పాన్ కార్డు లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం అడిగి నింపండి.

ఎక్కువమంది ఆగిపోయేది ఆధార్ దగ్గర. అయిదేళ్లప్పుడు ఇచ్చిన వేలిముద్రలే ఇంకా ఉంటే మిషన్ మీ వేలు గుర్తుపట్టకపోవచ్చు. పదిహేను నిండాక మళ్లీ ఇవ్వాలి, 15 నుంచి 17 ఏళ్ల మధ్య అది ఉచితం. రెండో చిక్కు ఇంటిపేరు: ఆధార్‌లో పొడి అక్షరం, బడి రికార్డులో పూర్తి పేరు ఉంటే స్కాలర్‌షిప్పు ఆగుతుంది. ఖాతా తెరవకముందే రెండూ ఒకటి చేయించండి.

సంతకం తెలుగులో పెట్టినా చెల్లుతుంది, కానీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. తేడా వస్తే విత్‌డ్రాయల్ ఫారం వెనక్కి ఇచ్చేస్తారు. ఇంట్లో కాగితం మీద నాలుగైదుసార్లు పెట్టి చూసుకుని వెళ్లండి.

ఇక ఫోను నంబరు. పద్దెనిమిది నిండనివాళ్లకి సిమ్ ఇవ్వరు కాబట్టి నంబరు పెద్దవాళ్ల పేరు మీదే ఉంటుంది. ఖాతాకి ఏ నంబరు ఇస్తే మెసేజీలు, ఓటీపీలు ఆ ఫోనుకే వెళ్తాయి. నాన్న నంబరు ఇస్తే మీరు తీసిన ప్రతి రూపాయీ ఆయనకి తెలుస్తుంది. మీ చేతిలో ఉండే ఫోను నంబరే ఇవ్వడం మేలు. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి చెప్పే ఇవ్వండి.

పెద్దవాళ్ల సంతకం తప్పని చోటు ఒకటుంది: నామినీ, అంటే ఖాతాదారుకి ఏమైనా అయితే డబ్బు అందుకునే మనిషి. మైనరు తరఫున నామినేషన్ పెట్టేది చట్టం ప్రకారం గార్డియనే.

అప్పు, ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకోవడం) మాత్రం రావు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసిన ఒప్పందం చెల్లదు, అందుకే ఖాతాలో ఎప్పుడూ మీ డబ్బే ఉండాలి.

[తెర మీద: ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు]

"నీ ఖాతాలో డబ్బు వేయించి తీసిస్తే కమీషన్ ఇస్తా" అని ఎవరైనా అంటే, సీనియరైనా సరే, కుదరదని చెప్పండి. అలా వచ్చేది చాలాసార్లు సైబర్ మోసాల సొమ్ము. ఖాతా మీది కాబట్టి ఫ్రీజయ్యేదీ మీదే, పోలీసులు ముందు పిలిచేదీ మిమ్మల్నే. ఇప్పటికే అలాంటి డబ్బు పడి ఉంటే ముట్టుకోకుండా బ్యాంకుకి చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పద్దెనిమిది నిండాక బ్యాంకు మీ దగ్గర కొత్త సంతకం, ఖాతా నడిపే తీరు మీద కొత్త సూచనలు తీసుకోవాలి. అది చేయకపోతే ఖాతాలో లావాదేవీలు ఆగిపోవచ్చు. కాలేజీ ఫీజు కట్టే వారంలో ఇలా జరిగితే చాలా ఇబ్బంది. పుట్టినరోజు దాటిన వారంలోనే ఆధార్, పాన్, రెండు ఫొటోలు తీసుకుని బ్రాంచికి వెళ్లండి. మైనరుగా తీసుకున్న పాన్ కార్డు మీద మీ ఫొటో, సంతకం ఉండవు, అప్పుడే దాన్నీ మార్పించుకోండి.