నాలుగు వందల లెడ్జర్లు, నాలుగు కరెంటు బిల్లు ఖాతాలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో కంపెనీ లెక్కల సంగతి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పద్దులు ఎలా సర్దుకోవాలో చెప్పడానికి ఆడిటర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్... హలో, చెప్పండి మేడమ్.

కాలర్: నమస్తే అండీ. మూడు నెలల కిందట ఒక కంపెనీలో అకౌంటెంట్‌గా చేరాను. సాఫ్ట్‌వేర్ తెరిస్తే 400 పైచిలుకు లెడ్జర్లు, అంటే ఒక్కో పద్దుకు తెరిచిన ఖాతాలు. ఒక్క కరెంటుకే నాలుగున్నాయి: 'కరెంటు బిల్లు', 'కరెంట్ బిల్', 'విద్యుత్ ఖర్చు', 'కరెంటు పాత ఆఫీసు'. ఈ నెల ఎంతయిందని మా ఎండీ గారు అడిగితే నాలుగూ తీసి కూడుతున్నాను.

ఆడిటర్: (నవ్వుతూ) వెతికితే దొరకనివాళ్లల్లా కొత్తది తెరిచేశారన్నమాట. వెనకటికి ఆవర్జా పుస్తకంలో కొత్త పద్దు తెరవాలంటే ఒక పేజీ ఖర్చయ్యేది, కాస్త ఆలోచించేవాళ్లు. ఇప్పుడు మీట నొక్కితే చాలు. సరే, కస్టమర్ల పేర్లూ, సప్లయర్ల పేర్లూ ఎన్నుంటాయి అందులో?

కాలర్: సగానికి పైనే అండీ.

ఆడిటర్: అవి ఎన్నున్నా ఫరవాలేదు. ఏ గ్రూపు కింద ఉన్నాయన్నది చూడండి.

కాలర్: కస్టమర్లు ఎక్కువగా రావలసిన బాకీల్లోనే ఉన్నారు. కొందరు సప్లయర్లు మాత్రం ఖర్చుల కింద కనబడుతున్నారు.

ఆడిటర్: అక్కడ ఆగండి. పేరు తప్పైతే చదువుకోవడానికి ఇబ్బంది, అంతే. గ్రూపు తప్పైతే లాభమే మారిపోతుంది. సప్లయర్‌కి ఇవ్వాల్సింది అప్పు, అది బాధ్యతల కింద ఉండాలి. ఆస్తులు, బాధ్యతలు, మూలధనం, ఆదాయం, ఖర్చు... ఈ అయిదింటిలో ప్రతి లెడ్జరూ ఎక్కడికి చెందుతుందో ముందు తేల్చండి.

కాలర్: కానీ ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవుతోంది కదండీ?

ఆడిటర్: అవుతుందమ్మా, ఎందుక్కాదు! ట్రయల్ బ్యాలెన్స్ అంటే అన్ని ఖాతాల నిల్వలూ ఒకచోట వేసిన పట్టీ. డెబిట్లూ క్రెడిట్లూ సమానమా అన్నదొక్కటే అది చూస్తుంది. మీ కంపెనీకి బ్యాంకు లోనుందా?

కాలర్: ఉందండీ. నెలనెలా వాయిదా కడుతున్నాం, 'లోన్ ఖర్చు' అని రాస్తున్నారు.

ఆడిటర్: మొత్తం వాయిదానా? చూశారా. వాయిదా 10,000 అనుకోండి, అందులో వడ్డీ 2,500. ఖర్చు ఆ 2,500 మాత్రమే. మిగతా 7,500 అసలు, లోన్ ఖాతాలో డెబిట్ పడి అప్పు తగ్గాలి. మీ పుస్తకాల్లో అప్పు తీసుకున్నప్పటి అంకె దగ్గరే నిలబడి ఉంటుంది, లాభమేమో నెలకు 7,500 తక్కువ చూపిస్తుంది. అయినా టాలీ!

కాలర్: అయ్యో... నిజమే, లోన్ ఖాతా కదల్లేదండీ.

ఆడిటర్: బ్యాంకు నుంచి లోన్ స్టేట్‌మెంటు తెప్పించి సరిచేయండి. ఆడిట్ అయిపోయిన సంవత్సరాల జోలికి మాత్రం సొంతంగా వెళ్లకండి, సవరణ ఎలా వేయాలో మీ ఆడిటర్‌ను అడగండి. కరెంటు ఖాతాలు నాలుగూ విలీనం చేసేయండి, కానీ అంతకుముందు బ్యాకప్ తీసుకోండి. ఎంట్రీలున్న లెడ్జరును చాలా సాఫ్ట్‌వేర్లు చెరపనివ్వవు. వాడకంలో లేనట్టు పెట్టే వీలుంటే అలా పెట్టేయండి.

కాలర్: పాత ఆఫీసు ఖర్చు విడిగా కావాలంటే?

ఆడిటర్: దానికి కాస్ట్ సెంటర్ ఉంది. లెడ్జరు ఒక్కటే, ఎంట్రీ వేసేటప్పుడు ఏ ఆఫీసుదో గుర్తు పెడతారు. ఆఫీసుకొకటి, మనిషికొకటి చొప్పున లెడ్జర్లు పెంచుకుంటూ పోతే మీ 400 కాస్తా 800 అవుతాయి. ఇంకొక్క మాట, కొత్త లెడ్జరు తెరిచే హక్కు మీ ఒక్కరికే ఉండేలా సెట్టింగు మార్చించండి. ఎండీ గారికి కోపమొచ్చినా సరే.

వ్యాఖ్యాత: (నవ్వు) ఇంకో కాల్. హలో?

కాలర్ 2: సార్, పాత పుస్తకాల నుంచి ఓపెనింగ్ బ్యాలెన్సులు, అంటే ప్రారంభ నిల్వలు, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. డెబిట్లకూ క్రెడిట్లకూ 5,400 తేడా వస్తోంది. రెండు రోజులుగా వెతుకుతున్నాను.

ఆడిటర్: ఆ తేడాను సస్పెన్స్‌లో, అంటే లెక్క తేలేదాకా తాత్కాలికంగా పెట్టే ఖాతాలో, పడేయలేదు కదా? మంచిది. 5,400ని తొమ్మిదితో భాగించండి.

కాలర్ 2: 600... శేషం లేదు.

ఆడిటర్: పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. ఇది వందల్లో ఉంది, కాబట్టి వేలూ వందలూ అటూఇటూ అయుండొచ్చు. వాటి మధ్య తేడా ఆరు ఉండాలి. రెండూ ఎనిమిదీ, మూడూ తొమ్మిదీ అలాంటివి చూడండి. దొరక్కపోతే తేడాలో సగం, అంటే 2,700, డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడిందేమో వెతకండి.

కాలర్ 2: ఒక్క నిమిషం సార్... పాత పుస్తకంలో ఒక సప్లయర్‌కి 12,800 ఉంది. నేను 18,200 కొట్టాను!

ఆడిటర్: దిద్దేయండి. ఆ తర్వాత ఆ సప్లయర్‌కి ఫోన్ చేసి వాళ్ల లెక్కలో ఎంతుందో కూడా అడగండి.