పెళ్లి రిసెప్షన్ కేక్: ముందు గడియారం చూడండి

[తెర మీద: తెల్లగుడ్డ పరిచిన ఖాళీ టేబుల్. వెనక గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.]

కేక్ హాలుకి ఎన్నింటికి వస్తుంది? నాలుగింటికి. కోసేది ఎన్నింటికి? ఎనిమిదిన్నరకి. అంటే నాలుగున్నర గంటలు అది ఆ టేబుల్ మీద నిలబడాలి. లైట్ల కింద, జనం మధ్య, పిల్లల చేతికి అందేంత దూరంలో. మీరు ఫోన్‌లో దాచుకున్న ఫొటోలన్నీ ఒక్క క్షణానివి. ఈ నాలుగున్నర గంటలు వాటిలో కనిపించవు.

నమస్తే అండీ. రిసెప్షన్‌లో అందరి కళ్లూ పడే ఆ తీపి సెంటర్‌పీస్‌ని ఎలా ఎంచుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. అది కేకే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

నేను ఈ విషయం ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. మా దగ్గరివాళ్ల రిసెప్షన్ ఒకటి ఆరుబయట జరిగింది. మూడంతస్తుల బటర్‌క్రీమ్ కేక్, చూస్తే చూపు తిప్పుకోలేం. కోసే వేళకి పై అంతస్తు మెల్లగా ఒక పక్కకి జారడం మొదలైంది. ఇద్దరం చెరోపక్క నిలబడి అరచేతులతో పట్టుకున్నాం. పెళ్లికూతురి ముఖంలో ఆ నిమిషం కనిపించిన కంగారు నాకింకా గుర్తుంది. తర్వాత విప్పి చూస్తే, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆసరా అన్నదే లేదు.

[క్లోజప్: సగానికి కోసిన రెండంతస్తుల కేక్. లోపలి కర్రలు కనిపిస్తున్నాయి.]

ఇదిగో, ఆసరా అంటే ఇది. కింది కేక్‌లోకి నిలువుగా దిగిన ఈ కర్రలు చూడండి. వీటిని డౌవెల్స్ అంటారు. కింది కేక్ ఎంత ఎత్తుంటే ఇవీ సరిగ్గా అంతే ఎత్తు. పై కేక్ అడుగున గట్టి అట్ట ఉంది, అది ఈ కర్రల మీద కూర్చుంటుంది. అంటే పైదాని బరువు మోసేది కింది కేక్ కాదు, కర్రలు. మూడంతస్తులు దాటితే అన్నిటినీ గుచ్చుతూ మధ్యలో ఒక పొడవాటి కర్ర కూడా దించుతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "లోపల సపోర్ట్ ఎలా పెడతారండీ?" అని ఒక్క మాట అడగండి. పని తెలిసిన బేకర్ సంతోషంగా చెబుతారు.

ఇక వేడి సంగతి. బటర్‌క్రీమ్ అంటే వెన్న, చక్కెర కలిపి గిలకొట్టిన క్రీమ్. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. కానీ అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది, అంచులు మొద్దుబారతాయి, పూలరేకుల్లా పిండిన క్రీమ్ కిందికి వాలుతుంది. ఏసీ హాల్లో బటర్‌క్రీమ్‌కి ఢోకా లేదు. ఆరుబయట, ఎండ తగ్గని సాయంత్రం అయితే నేను వద్దనే అంటాను. ఫాండెంట్, అంటే చపాతీలా ఒత్తి కేక్ మీద కప్పే చక్కెర ముద్ద, వేడిని కాస్త తట్టుకుంటుంది. దానికి గండం వేరే ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఉక్కపోతలో పెడితే దాని ఒంటినిండా నీటి చుక్కలు కడతాయి. జిగురుగా మెరుస్తుంది, రంగులు పాకుతాయి. అలాంటప్పుడు ఎవరూ తుడవకూడదు. ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచితే దానంతటదే ఆరుతుంది.

ఫ్రెష్ క్రీమ్, కస్టర్డ్ లాంటివి లోపల ఉంటే విషయం అందం దగ్గర ఆగదు, ఆరోగ్యం దాకా వెళుతుంది. అలాంటివి గది వేడిలో 2 గంటలకి మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటితే గంటే. మొదట చెప్పిన నాలుగున్నర గంటలు గుర్తుచేసుకోండి.

[తెర మీద: బంగారు రంగు క్రోకంబూష్ గోపురం, చుట్టూ పంచదార పాకం దారాలు.]

కేక్ కాకుండా ఇంకేమైనా అనుకునేవాళ్లకి ఫ్రాన్స్ పెళ్లిళ్లలో కనిపించే ఈ క్రోకంబూష్ చూడగానే నచ్చుతుంది. షూ పేస్ట్రీ, అంటే కాలిస్తే లోపల బోలుగా పొంగే పిండి, దాంతో చేసి క్రీమ్ నింపిన చిన్నచిన్న ఉండల్ని ముదురు పాకంలో ముంచి, ఒకదానికొకటి అతికిస్తూ గోపురంలా కడతారు. ఆ పేరుకి అర్థమే నోట్లో కరకరలాడేది అని. మనిషికి మూడు నాలుగు ఉండలు లెక్కేసుకుంటే వంద మందికి 300 నుంచి 400 కావాలి. దీనికి శత్రువు తేమ. చక్కెర గాలిలోని తడిని లాగేసుకుంటుంది, పాకం జిగురెక్కుతుంది, ఉండలు మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా తేమ వల్ల అదే పరిస్థితి. కట్టిన రోజే, కట్టిన కొద్ది గంటల్లోనే తినాలి. గాలి పొడిగా ఉండే రోజుల్లో, బేకర్ హాలుకే వచ్చి కట్టిస్తానంటే, ఇంతకంటే గొప్ప సెంటర్‌పీస్ నాకు తెలియదు. వర్షాకాలంలో అడిగితే మాత్రం మానుకోమంటాను.

మాకరాన్లు, అంటే బాదం పొడి, గుడ్డు తెల్లసొనతో చేసే చిన్న గుండ్రటి తీపి బిస్కెట్లు, వాటి గోపురం రంగుల్లో బాగుంటుంది, కోసే పని లేదు. కప్‌కేక్‌లూ అంతే, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. కాకపోతే పది నిమిషాల్లో సగం ఖాళీ అయిపోతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్లకి స్టాండే కనిపిస్తుంది. కొన్ని ట్రేలు లోపల దాచి మధ్యమధ్యలో నింపించండి. చాక్లెట్ ఫౌంటెన్ ఆరుబయట వద్దు. గాలికి చిమ్ముతుంది, దుమ్మూ పురుగులూ పడతాయి. చాక్లెట్‌లో కొంచెం నీరు పడినా బిగిసి ముద్దకడుతుంది.

నార్వే, డెన్మార్క్‌లలో క్రాన్సెకాకె అని ఒకటుంది. బాదం పొడి, చక్కెర, గుడ్డు తెల్లసొనతో కాల్చిన రింగుల్ని పెద్దది కింద, చిన్నది పైన పేర్చుకుంటూ పోతారు. కరిగే క్రీమ్ లేదు, మైదా అక్కర్లేదు. వేడి చోట నిలబడే తీపి కావాలంటే ఆ దారిలో ఆలోచించండి. బాదం పడనివాళ్లుంటే దీనికీ మాకరాన్లకీ పక్కన బోర్డు పెట్టించి, వాళ్లకోసం వేరే చిన్న కేక్ చేయించండి. గుడ్డు తిననివాళ్లకీ అంతే, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పిన వాటిలో చాలావాటికి గుడ్డు కావాలి.

[తెర మీద: పైనుంచి చూపిన గుండ్రటి కేక్, పక్కన కొలబద్ద.]

ఎంతమందికి సరిపోతుంది? ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పెళ్లి కేక్ ముక్క అంటే పుట్టినరోజు ముక్క కాదు. అంగుళం వెడల్పు, రెండంగుళాల పొడవు, కేక్ ఎంత ఎత్తుంటే అంత ఎత్తు. ఆ లెక్కన 6 అంగుళాల కేక్‌కి 12 ముక్కలు, 8 అంగుళాలకి 24, 10 అంగుళాలకి 38. మూడూ కలిపితే 74. కోసే తీరు కూడా చూడండి. త్రికోణాలుగా కాదు. అంచునుంచి రెండంగుళాలు లోపలికి వదిలి కత్తితో ఒక గుండ్రం గీస్తున్నాను. ఇప్పుడు ఈ బయటి వలయాన్ని అంగుళం అంగుళం చొప్పున కోస్తున్నాను. చూశారా, ముక్క చక్కగా నిలబడింది. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, మళ్లీ కోయాలి.

మరి మూడొందల మంది వస్తే? ఆరంతస్తులు కట్టించక్కర్లేదు. అందరికీ కనిపించేది మూడంతస్తులే ఉండనివ్వండి, వంటగదిలో అదే రుచితో పలక కేక్‌లు ఉంచండి. 12 అంగుళాలు, 18 అంగుళాల కొలతల పలక ఒక్కటి 108 ముక్కలవుతుంది. అతిథులకి తేడా తెలియదు, రుచి ఒకటే కాబట్టి.

ఎత్తు కావాలనుకుంటే రెండంతస్తులు థర్మోకోల్ డమ్మీలు పెట్టించుకోవచ్చు. ఇది చెప్పగానే కొందరు మొహం చిట్లిస్తారు, అబద్ధపు కేక్ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో చక్కెరకి రేషన్ వచ్చి కేక్‌ల మీద ఐసింగ్ వేయడమే నిషేధించారు. అప్పటి పెళ్లిళ్లలో అట్టతో, ప్లాస్టర్‌తో చేసిన కేక్ తొడుగుల్ని అద్దెకి తెచ్చుకునేవారు. పైకి మూడంతస్తుల తెల్లటి కేక్. తొడుగు ఎత్తితే లోపల, ఉన్న సరుకుతో చేసుకున్న చిన్న కేక్. ఆ ఫొటోలు చూస్తే నాకు మనసు బరువెక్కుతుంది. యుద్ధం అయ్యాక కూడా రేషన్ పోలేదు. 1947లో, తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్ పెళ్లికి 9 అడుగుల కేక్ చేసినప్పుడు సరుకులు ఆస్ట్రేలియా నుంచి రావాల్సి వచ్చింది. కాబట్టి డమ్మీ పెట్టించుకోవడానికి మొహమాటపడకండి. కోయాల్సిన అంతస్తు ఏదో మాత్రం ముందే గుర్తుపెట్టించుకోండి.

[క్లోజప్: కేక్ మీద పూలు గుచ్చుతున్న చేతులు. కాడలకి టేప్ చుట్టి ఉంది.]

పూల విషయంలో దయచేసి జాగ్రత్త. గన్నేరు విషం. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ కూడా విషమే, ఎంత ముద్దుగా ఉన్నా కేక్ దరిదాపుల్లోకి రానివ్వకండి. గులాబీలు సరే, కానీ మందు కొట్టనివి కావాలి. కాడ నేరుగా కేక్‌లో దిగకూడదు, ఇలా టేప్ చుట్టాలి.

టేబుల్ ఎక్కడ వేస్తారో డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడండి. తలుపు దగ్గరా, డాన్స్ చేసే చోటు పక్కనా వద్దు. గడ్డి మీద వేస్తే నాలుగు కాళ్ల కిందా చెక్కలు పెట్టించండి. రంగు ఎల్ఈడీలు నేరుగా పడితే తెల్లటి కేక్ ఫొటోల్లో నీలంగా, ఊదాగా వస్తుంది. ఆ మూల వరకు మామూలు తెల్ల లైటు అడగండి, మరీ దగ్గరగా వేడెక్కేది కాకుండా.

[తెర మీద: మళ్లీ అదే టేబుల్. గడియారం ఇప్పుడు ఏడు చూపిస్తోంది. ఒకరు పెట్టె మోసుకొస్తున్నారు.]

నాలుగింటికే తెప్పించాలని రూలేం లేదు. అంతస్తులు విడివిడిగా ఏసీ కారులో తెచ్చి, ఏడింటికి హాల్లోనే పేర్చమని అడగండి. చాలామంది బేకర్లు ఒప్పుకుంటారు. ఆ సమయానికి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ స్టేజీ మీద ఉంటారు, ఫోన్లు తీయరు. కేక్ దింపుకునే మనిషిని ఒకరిని ముందే అనుకుని, వాళ్ల నంబరు బేకర్‌కి రాసివ్వండి.