పిన్ని అంటే ఎవరు? తర్కానికి అయ్యే ఖర్చు
(బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగువాళ్ల ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మల్లేశ్వరం దాకా రావడమంటే మాటలు కాదు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

పిన్ని అంటే ఎవరు? అమ్మ చెల్లెలు. బాబాయి భార్య కూడా పిన్నే. మా పక్కింటి కన్నడవాళ్లు చిక్కమ్మ అంటారు, అక్కడా ఇవే రెండు అర్థాలు. మనకు ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కంప్యూటర్‌కి మాత్రం నియమాలుగా రాసివ్వాలి. మొదటిది: అమ్మ చెల్లెలైతే పిన్ని. రెండోది: బాబాయి భార్య అయితే పిన్ని. ఈ రెండూ కంప్యూటర్‌కి చాలా తేలిక. ఇప్పుడు తిప్పి రాయండి: పిన్ని అయితే అమ్మ చెల్లెలు గానీ, బాబాయి భార్య గానీ అయి ఉండాలి. చూడ్డానికి అదే సంగతి మళ్లీ చెప్పినట్టుంటుంది. కానీ ఈ మూడో వాక్యంతో లెక్క మొత్తం మారిపోతుంది. ఈ రోజు నేను చెప్పేది చాలావరకు ఈ 'గానీ' గురించే.

ఒక రంగంలో వాడే పదాలనీ, వాటి మధ్య సంబంధాలనీ తర్కం ప్రకారం రాసిపెడితే దాన్ని ఆంటాలజీ అంటారు. ఆ రాసే భాషల కుటుంబం పేరు డిస్క్రిప్షన్ లాజిక్. రాసినవాటి నుంచి రాయనివాటిని రాబట్టే ప్రోగ్రామ్‌ని రీజనర్ అంటారు. ఏ మాటలు భాషలోకి రానిస్తే రీజనర్‌కి ఎంత పని పడుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

1984లో బ్రాక్‌మన్, లెవెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ఒక చిన్న భాష తీసుకున్నారు. అందులో ఒక భావన ఇంకోదాని కిందికి వస్తుందా అన్నది చకచకా తేల్చవచ్చని చూపించారు. అదే భాషకి ఒకే ఒక్క కొత్త మాట కలిపి, ఇప్పుడు ఇదే ప్రశ్న ఎంత కష్టమైపోయిందో కూడా చూపించారు. 1989లో ష్మిట్-షౌస్ ఇంకా గట్టి దెబ్బ కొట్టాడు. అప్పటికి పేరున్న కేఎల్-వన్ భాషలో ఈ ప్రశ్నని అన్ని సందర్భాల్లోనూ తేల్చే ప్రోగ్రామ్ అసలు రాయడమే కుదరదని రుజువు చేశాడు. ఆలస్యం అవుతుందని కాదు, కుదరదని. నాకు ఈ శాస్త్రం మీద గౌరవం పుట్టింది ఇక్కడే. మన చేతిలో ఉన్న భాష ఏం చేయలేదో వీళ్లు ముందే నిజాయతీగా లెక్కగట్టారు.

ఇప్పుడు 'గానీ' దగ్గరికి వద్దాం. ఒకటి ఇంకోదాని కిందికి రాని సందర్భం దొరుకుతుందేమో చూడ్డానికి, రీజనర్ మనం రాసిన నియమాలన్నీ ఒప్పుకునే ఒక చిన్న లోకాన్ని కట్టడానికి ప్రయత్నిస్తుంది. 'గానీ' తగలగానే దారి రెండుగా చీలుతుంది. ఒక దారిలో వెళ్లి గోడకి కొట్టుకుంటే, అంటే ఏదో నియమం అడ్డొస్తే, వెనక్కి వచ్చి రెండోది పట్టుకోవాలి. పది 'గానీ'లుంటే 1,024 దారులు. ఇరవై ఉంటే పది లక్షలు దాటతాయి. ముప్పై అయితే 107 కోట్లు. ఇక్కడ మనం ముప్పై వాక్యాలే రాశాం, గుర్తుంచుకోండి.

రెండో చిక్కు వంశవృక్షం లాంటిది. ప్రతి ఒక్కరికీ ఒక కొడుకు, ఒక కూతురు ఉండాలని పది తరాలకి నియమం రాశామనుకోండి. చివరి తరంలోనే వెయ్యిమంది పైన తేలతారు. అంతమందినీ గుర్తుపెట్టుకోవాలా? అక్కర్లేదు. ఒక కొమ్మ పట్టుకుని కిందిదాకా వెళ్లి, తప్పు లేదని చూసుకుని, దాన్ని చెరిపేసి పక్క కొమ్మకి వెళ్లొచ్చు. ఎప్పుడు చూసినా పలక మీద ఒక్క కొమ్మే ఉంటుంది. సమయం ఎక్కువే పడుతుంది, చోటు మాత్రం తక్కువ చాలు. 1991లో ష్మిట్-షౌస్, స్మోల్కా ఏఎల్‌సీ అనే భాషని పరిచయం చేస్తూ తేల్చింది ఇదే: అందులో ఈ పని పీస్పేస్, అంటే కొద్దిపాటి చోటులో తేలే పనుల తరగతికి చెందుతుందని.

అందరికీ వర్తించే నియమాలు వస్తే ఈ ఉపాయం సరిపోదు. ప్రతి మనిషికీ తల్లి ఉంది, ఆ తల్లీ మనిషే. రీజనర్ అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ అంటూ ఆగకుండా పైకి పోతుంది. దాన్ని ఆపడానికి ఒక మార్గం ఉంది. పైన ఇంతకుముందు చూసిన మనిషి గుణాలే మళ్లీ కనిపిస్తే అక్కడితో ఆగమంటాం. కానీ అలాంటి గుణాల కలయికలు ఎన్నో ఉండొచ్చు, అందువల్ల పని ఎక్స్‌పొనెన్షియల్ సమయానికి, అంటే ఇందాకటి 'గానీ'ల దారుల్లా రెట్టింపవుతూ పోయే సమయానికి, చేరుతుంది. వెబ్ కోసం 2009లో ప్రమాణంగా వచ్చిన ఔల్ 2 అనే ఆంటాలజీ భాష పూర్తి తర్కం ఇంకా పైన ఉంది. అక్కడ ఘాతం మీద ఘాతం. రెండు ఘాతం ఐదు అంటే 32, దాన్ని మళ్లీ ఘాతంగా పెడితే 429 కోట్లు.

ఇదంతా విని భయపడకండి. ఇవి అతి చెడ్డ సందర్భం లెక్కలు. 1998లో ఇయన్ హారక్స్ తన ఫ్యాక్ట్ అనే రీజనర్‌తో, తెలివిగా వెతికితే నిజమైన వైద్య ఆంటాలజీల మీద కూడా పని జరుగుతుందని చూపించాడు. అయితే రోజూ ఆసుపత్రిలో వాడేదాన్ని 'సాధారణంగా జరుగుతుంది' అన్న భరోసా మీద నడపడం నాకు నచ్చదు.

అందుకే ఈఎల్ అనే భాష అంటే నాకు చాలా ఇష్టం. అందులో 'మరియు' ఉంది, 'ఒకటి ఉంది' అని చెప్పే వీలుంది. 'గానీ' లేదు, 'కాదు' లేదు, 'ఈమె పిల్లలందరూ ఇలాంటివాళ్లే' అని చెప్పే 'అందరూ' లేదు. 2005లో బాదర్, బ్రాండ్ట్, లుట్జ్ ఈ భాషకి ఏమేం కలిపినా పని పాలినామియల్ సమయంలోనే, అంటే రెట్టింపవుతూ పోకుండా అదుపులో ఉండే సమయంలోనే, ముగుస్తుందో, ఏది కలిపితే చెయ్యి జారుతుందో గీత గీసి చూపించారు. లోపలి కిటుకు ముచ్చటగా ఉంటుంది. ప్రతి మనిషికీ ఒక తల్లి ఉండాలంటే, రీజనర్ లక్షమంది తల్లుల్ని పుట్టించదు. అందరికీ కలిపి ఒక్క తల్లిని చూపిస్తుంది. ఎందుకు చెల్లుతుంది? ఈ భాషలో ఆ తల్లి వైపు నుంచి 'నీ బిడ్డ ఎవరు?' అని అడగడం కుదరదు కాబట్టి. ఆ వెనక్కి చూసే సంబంధాన్ని రానిచ్చారంటే ఒక్క తల్లితో సరిపెట్టడం కుదరదు, మళ్లీ ఎక్స్‌పొనెన్షియల్‌కే వెళ్తాం.

స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశంలో మూడు లక్షల పైచిలుకు భావనలున్నాయి. దాని నియమాలు దాదాపు ఈ భాషలోనే ఉంటాయి కాబట్టి, ఈఎల్‌కే అనే రీజనర్ వాటన్నిటినీ సెకన్లలో వరసలో పెట్టేస్తుంది. అంత వేగం వల్ల తప్పులు కూడా బయటపడతాయి. ఒకప్పుడు అందులో, వేలు తీసేయడం అంటే చెయ్యి తీసేయడం కిందికి వస్తుందని తేలింది! రీజనర్ తప్పు లేదు. వేలు చేతిలో భాగం కాబట్టి వేలికి దెబ్బ తగిలితే చేతికి తగిలినట్టే. ఆ 'భాగం' సంబంధాన్ని రాసిన పద్ధతే, తీసేయడానికి కూడా అలాగే వర్తించింది. ఏ నియమాల వల్ల ఈ తప్పు వచ్చిందో ఒక కారణం వెతకడం ఈఎల్‌లో తేలికే. కారణాలన్నీ వెతకాలంటే మాత్రం ఇక్కడా ఎక్స్‌పొనెన్షియల్ సంఖ్యలో ఉండొచ్చు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఆసుపత్రి రికార్డుల పదాలు చూసేవాళ్లం. డయాబెటిస్ అయితే టైప్ 1 గానీ టైప్ 2 గానీ అని మావాళ్లు ఒక నియమం కలిపారు. అలాంటివే ఓ నలభై. రెండు రకాలకీ కంటి పరీక్ష కావాలని అప్పటికే రాసి ఉంది. కాబట్టి రకం నమోదు కాని డయాబెటిస్‌కి కూడా పరీక్ష కావాలని రీజనర్ తేల్చాలి. తేల్చలేదు. మేం వాడేది ఈఎల్ రీజనర్. దానికి 'గానీ' తెలియదు. ఆ నియమాల్ని పట్టించుకోవడం లేదని లాగ్‌లో, అంటే తాను చేసిన పని రాసుకునే ఫైల్లో, హెచ్చరిక ఇచ్చి, మిగిలినవాటితో సెకన్లలో జవాబిచ్చింది. ఆ హెచ్చరిక లైను మాలో ఎవరం చదవలేదు. రోగుల జాబితాలో కొందరు తగ్గారని టెస్టింగ్‌లో ఒక అమ్మాయి పట్టుకుంది. అప్పుడు 'గానీ' కూడా తెలిసిన పూర్తి రీజనర్ పెట్టి చూశాం. రాత్రంతా తిరిగి, తెల్లారేసరికి మెమరీ అయిపోయి ఆగిపోయింది.

మాతో పనిచేసే డాక్టర్ గారికి ఆ నియమం చూపించాం. "మరి గర్భిణులకు వచ్చే డయాబెటిస్ ఎటు పోయిందండీ?" అని అడిగారాయన. అంటే అంత ఖరీదు పెట్టి మేం రాసిన 'గానీ' అబద్ధం కూడా. దాన్ని తీసేశాం. రకం నమోదు కాని డయాబెటిస్‌కి కంటి పరీక్ష కావాలని ఒక్క వాక్యం నేరుగా రాశాం. మిగతా నలభైని కూడా ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టి, ఎవరికి ఏం తేలాలని రాశామో అడుగుతూ కూర్చున్నాం. రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత రీజనర్ లాగ్‌లో ఒక్క హెచ్చరిక కనిపించినా బిల్డ్, అంటే కొత్త వెర్షన్ తయారీ, ఆగిపోయేలా పెట్టాం.